కుడిచేతి పులిపిర్లు

"చేతికి మందివ్వడానికి ఇన్ని ప్రశ్నలెందుకండీ?" అన్నాడు బట్టల వ్యాపారి. కొట్లో అతను గుడ్డ విప్పి పరిస్తే, కొనేవాళ్లు గుడ్డను వదిలి అతని చేతి పులిపిర్లు చూసి లేచిపోతున్నారు.

"మనిషి తెలిస్తేనే హోమియో మందు కుదురుతుంది," అన్నాడు డాక్టరు కలం తీసుకుని. "మీకు కోపం ఎక్కువా?"

"నాకా? నోట్లో వేలు పెడితే కొరకలేను."

పక్కన కూర్చున్న భార్య దగ్గింది. బల్ల కింద అతని చెప్పు ఆమె పాదాన్ని నలిపింది.

"మొదటిది ఎప్పుడొచ్చింది?"

"అవన్నీ ఎవడికి గుర్తుంటాయండీ?"

"రెండేళ్లయింది," అంది భార్య. "బొటనవేలి మీదది నా పన్ను ఊడిన రోజు చూశాను. చూపుడువేలిది పెదవి చిట్లినప్పుడు లేదు, ఈ చెవి పోయేనాటికి ఉంది. మణికట్టువి రెండూ గొంతు నులిమినప్పుడు గరుగ్గా తగిలాయి."

వ్యాపారి ఫెడీమని కొట్టాడు. ఆమె కుర్చీతో సహా గోడకు గుద్దుకుంది. మెల్లగా లేచి, పెదవి మీది నెత్తురు తుడుచుకుని డాక్టరువైపు తిరిగింది.

"చిటికెనవేలి కింద కొత్తది లేస్తోందండీ. అదీ రాసుకోండి."

వ్యాపారి చెయ్యి తిప్పి చూసుకున్నాడు. నిజమే, ఆవగింజంత ఉంది.

డాక్టరు ఆమె చెప్పిన దెబ్బలన్నిటితో పాటు అదీ రాసి, కింద తేదీ వేసి సంతకం పెట్టాడు. గుళికల సీసా వ్యాపారి ముందుంచాడు. కాగితం మాత్రం ఆమె చేతికిచ్చాడు.

సంతకమున్న కాగితం ఎక్కడిదాకా పోతుందో వ్యాపారికి ఒకరు చెప్పనక్కర్లేదు. పెళ్లయ్యాక మొదటిసారి ఆమెతో బేరానికి దిగాడు.

"అదిలా ఇచ్చెయ్. నీకేం కావాలో చెప్పు."

ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"గుళికలు మానకుండా వేసుకోండి. ఎన్ని తగ్గాయో ఇక మీరే లెక్కపెట్టుకోవాలి."