తుపాకీ చోటు

తోడేలు గొర్రెను ఈడ్చుకుపోయింది. నా మనవరాలు జిబెక్ చేతిలో తుపాకీ టక్కుమందే గాని పేలలేదు.

"నూనె పట్టించి ఉండవు," అన్నాను.

"రోజూ పట్టిస్తున్నా నాయనమ్మా. మధ్యాహ్నం ఎండలో పిడక మీద గురి తప్పడం లేదు. తెల్లారకముందు బయటికి తెస్తే మాత్రం మొండికేస్తోంది, అచ్చం నీలాగే."

"మీ తాత చేతిలో ఒక్కనాడూ మొండికెయ్యలేదు."

ఆయన దాన్ని గొర్రెల పాకలో పడేసేవాడు. ఎంత తిట్టినా వినలేదు. ఆయన పోయాక తుపాకీ జిబెక్ పేర రాయించి, గౌరవంగా గదిలో పెద్దలు కూర్చునే చోట పెట్టించాను.

జిబెక్ తుపాకీ బోల్టు ఊడదీసింది. లోపల సన్నటి మంచు.

"వెచ్చటి గదిలోకి తేగానే దీనికి చెమట పడుతోంది. మళ్ళీ ఈ నారిన్ కొండల చలిలో అది గడ్డకడుతోంది. తాత ఊరికే ఆ చల్లటి పాకలో పెట్టలేదు."

నాకు ఒళ్ళు మండింది. "ఆ ముక్క నాతో చెబితే ఏం పోయింది ఆ మనిషికి?"

"నువ్వు చెప్పనిచ్చావా?"

తుపాకీని పాకలో తగిలించి వచ్చి, ఎప్పటిలాగే పిల్లలు కూర్చునే గుమ్మం వైపు చతికిలబడబోయింది.

"అక్కడ కాదు," అన్నాను. తుపాకీ ఖాళీ చేసిన చోటు చూపించి, మొదటి టీ గిన్నె జిబెక్‌కే అందించాను.