పక్క సీటు

ఆ ఫిబ్రవరి మూడున ఇంట్లో చిక్కుడుగింజల సూపు తాగి, మనవరాలు రలిత్సాతో వితోషా కొండకు వెళ్ళాను. సోఫియా నగరం వాళ్ళం స్కీయింగ్ చవగ్గా నేర్చుకునేది అక్కడే. చీకటిపడేసరికి పొగమంచులో పిల్ల కనిపించలేదు.

"పిల్లని ఒంటరిగా లిఫ్టు ఎక్కించావా, గెన్చో?" అని కొండ మీదికి కుర్చీల లిఫ్టు నడిపే అతన్ని అడిగాను.

"ఒంటరిగానా? పక్కన ఒకావిడ కూర్చుంది కదా మాస్టారూ!"

పైనుంచి దిగివస్తున్న కుర్చీలన్నిటి మీదా మంచు పేరుకుంది. ఒక్కదానికి మాత్రం రెండు సీట్లూ పొడిగా ఉన్నాయి.

అంతలో సర్రుమని చప్పుడు. రలిత్సా!

"తాతా, ఒక్కసారీ పడలేదు! ఆవిడ నా ముందు వెనక్కి జారుతూ, 'స్కీల ముక్కులు కలుపు, పిట్టా' అంటూ తీసుకొచ్చింది."

ఈ వాలు మీద పిల్లల్ని అలా పిలిచింది నా భార్య నెవెనా ఒక్కతే. రలిత్సా పుట్టకముందే పోయింది.

గెన్చో లిఫ్టు ఆపాడు. నేను, నెవెనాతో కలిసి స్కీ పాఠాలు చెప్పిన గది తలుపు చప్పుడు కాకుండా మూశాను. గడియ మాత్రం పెట్టలేదు.