ఎ.కొండూరు ఇంకా నడుస్తోంది

"నెమలి అయిపోయింది" అన్నాడాయన, ఎవరితోనూ కాదు.

నెమలి బస్సు కోసం ఎదురుచూస్తూ, పక్క బల్ల మీద సంచీ దింపబోతున్న ప్రేమావతి ఆగింది.

"అయిపోయిందా? ఎప్పుడు?"

"ఇప్పుడేనండి. రెండు నిమిషాలైంది."

"నేనిక్కడే ఉన్నాగా. నా కళ్ల ముందు నుంచి ఎట్టా పోయింది?"

ఆయన వినలేదు. ఒళ్లో లాప్‌టాప్ చూస్తున్నాడు.

ఆమె సంచీ మళ్లీ ఎత్తుకుంది. అప్పుడే నెమలి బస్సు బస్టాండులోకి తిరిగింది.

"పోయిందన్నావుగా. మరి ఇదేంటయ్యా, దాని దెయ్యమా?"

టీ వడకడుతున్న శాంతయ్య నవ్వాడు.

"ఆయన మాట పట్టించుకోమాకండి. కరెంటు పోయినప్పుడల్లా వస్తాడు. కూర్చుని ఊళ్ల పేర్లు చదువుతాడు. వెళ్లి బస్సెక్కండి."

శాంతయ్య టీకొట్టు తిరువూరు బస్టాండుకి ఎదురుగా ఉంది. ముందు రోజు గాలివానకి స్తంభాలు పడ్డాయి. ఊళ్లో కరెంటు లేదు. కొట్టుకి ఇన్వర్టరు ఉంది. ప్లగ్గు ఒక్కటే. అది ఆ లాప్‌టాప్ ఆయన దగ్గర ఉంది.

నాలుగింటికి అభిలాష్ వచ్చాడు. అతని లాప్‌టాప్‌లో ఆరు శాతం ఛార్జి ఉంది.

ఒక కంపెనీ అతనికి ప్రోగ్రాము రాసే పని ఇచ్చింది. ఆ రోజు అయిదింటిలోపు పంపితే ఉద్యోగం.

ప్రోగ్రాము రాశాడు. లెక్క తప్పు వస్తోంది. రెండు రోజులు వెతికాడు. తప్పు అతనిది కాదు. అతను రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్‌ది.

నెట్‌లో ఆ కంపైలర్ పేజీలో ఆ సంగతి రాశాడు. గడువు సంగతి రాయలేదు. రాస్తే బతిమాలినట్టుంటుందనుకున్నాడు.

తెల్లారేసరికి జవాబు ఉంది.

"నిజమే, తప్పు కంపైలర్‌దే. సరిచేశాను. పరీక్షలన్నీ నడిపి కొత్తది వదులుతాను." మన టైములో లెక్క వేసుకుంటే నాలుగున్నరకి వదులుతానని ఉంది.

ఆ కంపైలర్‌ని ఎవరు మార్చినా, మళ్లీ కట్టి, వేల పరీక్షలు పెట్టి, జనానికి వదిలేది ఒకే మనిషి. పదకొండేళ్లుగా ఆయనే. పేరు రాయడు. మంచు పడే ఊళ్లో అద్దాల గదిలో కూర్చుని ఉంటాడని అభిలాష్ ఊహ.

"సార్, ప్లగ్గు ఓసారి ఇస్తారా?"

"పది నిమిషాలు ఆగు బాబూ. ఎ.కొండూరు ఇంకా నడుస్తోంది."

అభిలాష్ శాంతయ్య వైపు చూశాడు. శాంతయ్య కణత దగ్గర వేలు తిప్పాడు.

"ఎ.కొండూరు బస్సు మీరు చూడకపోయినా నడుస్తుందండి. దానికి డ్రైవరున్నాడు" అన్నాడు అభిలాష్.

ఆయన నవ్వాడు. లేవలేదు.

"సార్, అయిదింటికి నాకు ఉద్యోగం పనుంది. ఇది ఆగిపోతే నేను పోయినట్టే."

"ఉద్యోగమా?"

"అవునండి. మొదటిది."

ఆయన తెర వైపు చూశాడు. వరసగా పచ్చచుక్కలు పుడుతున్నాయి. కాసేపు వాటినే చూశాడు. తర్వాత ప్లగ్గు లాగాడు. చుక్కలన్నీ ఒక్కసారే ఆరిపోయాయి.

"పెట్టుకో."

"అయ్యో, మీది ఆగిపోయిందే."

"దీనికి బ్యాటరీ చచ్చి చాలా కాలమైంది. నాది గంట ఆగినా ఫర్వాలేదులే. ఎవరూ గడువు పెట్టలేదు."

ఆయన లాప్‌టాప్‌ని గుడ్డసంచీలో పెట్టుకుని, వినగడప బస్సెక్కాడు.

"వింత మనిషి" అన్నాడు అభిలాష్.

"మనిషి మంచోడే. చేసే పనేంటో ఎవడికీ తెలీదు" అన్నాడు శాంతయ్య.

అభిలాష్ పేజీ తెరిచి కూర్చున్నాడు. నాలుగున్నర అయింది. ఏమీ రాలేదు.

ఎదురుగా మైకులో ఊళ్ల పేర్లు పిలుస్తున్నారు. ఒక్కో పేరుకి ఒక్కో బస్సు కదులుతోంది. దుమ్ము లేచి, ఎండలో నిలబడి, మెల్లగా దిగుతోంది. అభిలాష్ రెప్పలు వాలాయి. ఎక్కడో అద్దాల గదిలో ఒక మనిషి. బయట మంచు. ఆ మనిషి చెవి దగ్గర నోరు పెట్టి ఎవరో చదువుతున్నారు. నెమలి. వినగడప. ఎ.కొండూరు. ఒక్కో పేరుకి తెర మీద ఒక పచ్చచుక్క పుడుతోంది.

"టీ చల్లారిపోతోంది" అన్నాడు శాంతయ్య.

అభిలాష్ ఉలిక్కిపడి టైము చూశాడు. నాలుగూ యాభై ఎనిమిది.

అయిదింటికి కంపెనీ పేజీ మూసుకుంది. లాప్‌టాప్‌లో ఛార్జి నిండుగా ఉంది. పంపడానికేమీ లేదు.

అతను లేవలేదు. శాంతయ్య ఇంకో టీ పెట్టాడు.

ఆరూ పదికి కొత్త కంపైలర్ వచ్చింది. అభిలాష్ తన ప్రోగ్రాము నడిపాడు. లెక్క సరిగ్గా వచ్చింది.

కింద నాలుగు ముక్కలు రాసి ఉన్నాయి.

"ఆలస్యానికి మన్నించాలి. మూడు వరసల పరీక్షలకి గుర్తుగా మా వైపు ఊళ్ల పేర్లు పెట్టుకున్నాను. నెమలి, వినగడప మధ్యాహ్నమే అయిపోయాయి. ఎ.కొండూరు నడుస్తుండగా ప్లగ్గు తీయాల్సి వచ్చింది, ఇంటికొచ్చి, కరెంటు రాగానే దాన్ని మళ్లీ మొదటి నుంచి నడిపాను. టీకొట్టులో ఒకబ్బాయికి ఉద్యోగం పనుందట."