ఎర్ర గీత

"ఆ వస్తువు నాది. ఇచ్చేయండి," అంది కిటికీ అవతల నిలబడ్డ ఆవిడ.

లాయరమ్మ చదువుతున్న నవల మూయలేదు. పేజీల మధ్య వేలు పెట్టుకుని తలెత్తింది.

బస్‌స్టేషన్‌లో పోయిన వస్తువులు దాచే గది ఆమెది. ఆమె చదివింది లా కాదు. గొడుగు కోసం వచ్చినవాణ్ణయినా బోనెక్కించినట్టు ప్రశ్నలడుగుతుందని కండక్టర్లు పెట్టిన పేరది. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క వస్తువు కూడా తప్పుడు చేతికి ఇవ్వలేదని ఆమెకు కొంచెం గర్వం. కొంచెమేమిటి, బాగానే గర్వం.

"ఏ వస్తువు?"

"బూడిదరంగులో, నున్నగా ఉంటుంది. వెచ్చగా ఉంటుంది."

ఆవిడ పొడవాటి శాలువా కప్పుకుంది. ఒక్కో మాటా తూచి తూచి పలుకుతోంది. అలా తూచి మాట్లాడేవాళ్ళంటే లాయరమ్మకు ముందునుంచీ అనుమానమే.

వస్తువైతే ఉంది. పొద్దున్నే పొడుగు కండక్టరు తెచ్చిచ్చాడు. చిన్న గుమ్మడికాయంత ఉంది, రాయో కొయ్యో తెలియదు. బస్సులో వెనక సీటు కింద దొరికిందట. ముట్టుకుంటే వెచ్చగా తగిలిందట, ఇంజను వేడి అనుకున్నాడట. దాన్ని లాయరమ్మ లోపలి ఇనుప అర మీద పెట్టింది. వచ్చినవాళ్ళకు వస్తువు ముందే చూపించకపోవడం ఆ గది పద్ధతి.

"దాన్నేమంటారు?"

ఆవిడ తడబడింది. "ఇంకా పేరు పెట్టలేదు."

సొంత వస్తువు పేరే తెలియదన్నమాట. లాయరమ్మ నవల పక్కన పెట్టి, కుర్చీ ముందుకు జరుపుకుంది.

"సీటు కింద ఎందుకు పెట్టారు?"

"అక్కడ వెచ్చగా ఉందని. నీళ్ళ కోసం దిగాను. ఈలోగా బస్సు వెళ్ళిపోయింది."

వస్తువును ఎవరైనా వెచ్చటి చోటు వెతికి పెడతారా? కథ అల్లడం కూడా చేతకాలేదు పాపం అనుకుంది లాయరమ్మ.

ఇలాంటివాళ్ళ కోసం ఆమె దగ్గర ఒక ఎర ఉంది. వస్తువు మీద లేని గుర్తొకటి తనే కల్పించి అడుగుతుంది. మోసగాళ్ళు ఆలోచించకుండా అవునంటారు. గొడుగు పిడికి జేగంట ఉందా అని అడిగితే, గొడుక్కి జేగంటేమిటని అనుకోకుండా ఉందని తలూపినవాళ్ళున్నారు.

"ఈ వస్తువు మీద ఒక ఎర్ర గీత ఉందే, మరి మీదేనా?" అంది చాలా మామూలుగా.

ఆవిడ రెండు చేతులతో కిటికీ ఊచలు పట్టేసుకుంది. "ఎర్ర గీత వచ్చేసిందా? అప్పుడేనా? ఇచ్చేయండి, మీకు దణ్ణం పెడతాను."

దొరికిపోయింది. లాయరమ్మ తీరిగ్గా నవ్వింది.

"ఏ గీతా లేదమ్మా దాని మీద. మీ పప్పులు ఇక్కడ ఉడకవు. వెళ్ళండి."

విచిత్రం, ఆవిడ మొహం తేలికపడింది. "లేదా? హమ్మయ్య." మళ్ళీ అంతలోనే బతిమాలింది. తనవాళ్ళు ఈ సాయంత్రమే బయల్దేరుతున్నారనీ, ఇక ఇటువైపు ఎప్పటికీ రారనీ, అది చేతికి రాకుండా తను కదల్లేననీ చెప్పింది.

మోసగాళ్ళందరికీ తొందరే. లాయరమ్మ గార్డును పిలిచింది. అతను రెక్క పట్టుకున్నా ఆవిడ పెనుగులాడలేదు. వెనక్కి తిరిగి ఒక్కటే అడిగింది.

"దాన్ని చల్లటి చోట పెట్టకండి."

టీ వేళకు పొడుగు కండక్టరు వచ్చి, ఏం నవల అక్కా అని అడిగాడు. వేరే లోకంవాళ్ళు భూమ్మీదికి వస్తారట, మన మధ్యే తిరుగుతారట, ఒక్కరూ గుర్తుపట్టరట. లాయరమ్మకు అదే నచ్చలేదు.

"అన్నీ కోతలు. నా కిటికీ దగ్గరికి రమ్మను, ఒక్క చూపుతో పట్టేస్తాను."

"నువ్వు వాళ్ళని కూడా ఆధార్‌ అడుగుతావులే," అని నవ్వాడతను. పోతూపోతూ, ఆ శాలువా ఆవిడ ఇంకా గేటు దగ్గరే నిలబడి ఉందని చెప్పాడు.

నిలబడితే నిలబడనీ, కాళ్ళు పీకితే తనే పోతుందని లాయరమ్మ మళ్ళీ నవల్లో తల దూర్చింది.

వెలుతురు తగ్గుతుంటే తాళాలు తీసుకుని లేచింది. లోపల్నుంచి చిన్న చప్పుడు వినిపించింది. ఎలుకేమో అనుకుంటూ ఇనుప అర దగ్గరికి వెళ్ళింది.

ఆ వస్తువు మీద, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, సన్నటి ఎర్ర గీత.

అది తను కల్పించిన గీత. నోటికొచ్చిన రంగు చెప్పింది, అంతే. గుడ్డ పెట్టి గట్టిగా తుడిచింది. గీత పోలేదు, అది లోపల్నుంచి వచ్చింది. రెండు చేతుల్లోకి తీసుకుంటే ఆమె అరచేతి మీద ఎవరో మెల్లగా తట్టారు, అదీ లోపల్నుంచే.

లేదా, హమ్మయ్య అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. ఇంకా పేరు పెట్టలేదన్న మాట కూడా. ఎంత పని చేశాను అని పైకే అనేసింది.

బయట జనం కేకలు. షెడ్ల వెనకనుంచి ఒక పెద్ద వెలుగు, చప్పుడు లేకుండా పైకి లేస్తోంది.

ఆమె తన స్వెటరు విప్పి దాన్ని చుట్టి, గుండెకు హత్తుకుని పరిగెత్తింది. గదికి తాళం వెయ్యడం కూడా మరిచిపోయింది. గేటు చేరేసరికి ఆ వెలుగు చుక్కంత అయిపోయింది.

డ్రైవర్లు, కూలీలు, ప్రయాణికులు అందరూ మెడలెత్తి ఆకాశంలోకే చూస్తున్నారు.

శాలువా ఆవిడ ఒక్కతే తల ఎత్తలేదు. తనవాళ్ళ బండి తనను వదిలేసి వెళ్ళిపోతున్నా, ఆ కిటికీ మీంచి చూపు తిప్పకుండా, అక్కడే నిలబడి ఉంది ఆ తల్లి.