మెత్తని స్ప్రింగు

క్లిక్‌మంది రివాల్వర్. తూటా పేలలేదు. ఇది మూడోసారి.

వెండెల్ తుపాకీ దించి కంచె వెనక నిలబడ్డ పెళ్లాం మీదికి తిరిగాడు. అమెరికాలో మోంటానా రాష్ట్రపు ఆ షూటింగ్ క్లబ్బులో, గురి పోటీల్లో ఆయన్ని ఓడించినవాడు లేడు. ఆయన కాల్చే తూటాలన్నీ ఇంట్లో ఆవిడ మందు నింపి, అడుగున దెబ్బకు నిప్పు పుట్టించే ప్రైమర్ బిళ్ల నొక్కి చేసినవే.

"ఏమే ఆర్లీన్! తూటా అడుగున ప్రైమర్ నొక్కడం కూడా చేతకాదా? జామ్ సీసాకి మూత పెట్టడమనుకున్నావా?"

జనం గొల్లున నవ్వారు.

ఆర్లీన్ పేలని తూటా తీసుకుని పక్కన పోటీకి నిలబడ్డ గస్ చేతికిచ్చింది. "నీ దాంట్లో పెట్టి కాల్చవయ్యా."

గస్ తుపాకీలో అది ఒక్క దెబ్బకే పేలింది. నవ్వులు ఆగాయి.

"అయితే నా తుపాకీ చెడిందా?" అన్నాడు వెండెల్.

"చెడలేదు. చలికాలంలో నీకు చెప్పకుండా నేనే, తూటాని కొట్టే దాని సుత్తికి మెత్తని స్ప్రింగు వేయించాను. గస్ దాంట్లో ఉన్నలాంటి గట్టి స్ప్రింగుతో ట్రిగ్గర్ లాగే బలం నీ వేలికి ఇక లేదు. మెత్తని స్ప్రింగు దెబ్బ చిన్నది. దానికి మెత్తని ప్రైమర్లే పేలతాయి. ఈసారి గట్టివే దొరికాయి. పొద్దున ఆ మాట చెప్పబోతే, తుపాకుల సంగతి నీకెందుకన్నావు."

"నా వేలికి బలం లేదా?"

వెండెల్ గస్ తుపాకీ లాక్కుని గురిపెట్టి ట్రిగ్గర్ లాగాడు. మెడ నరాలు ఉబ్బాయి. తుపాకీ సుత్తి సగం లేచి, అక్కడే వణికి, మళ్లీ కూర్చుంది. రెండో చేతి వేలు కూడా సాయం పెట్టాడు. గొట్టం ఊగిపోయింది.

"చాల్లే వెండెల్, ఇటివ్వు," అన్నాడు గస్ మెల్లగా.

ఆర్లీన్ తూటాల డబ్బా తెచ్చి గస్ ముందు పెట్టింది.

"ఇవి నువ్వే ఉంచుకో. మా ఇంట్లో వీటితో ఇక పనిలేదు."