ఇంగ్లీషు మీడియం పేగులు

లోవలక్ష్మి కళ్లు తెరిచేసరికి తెర అవతల, పక్క మంచం దగ్గర సంబరంగా ఉంది.

“ప్రిసిల్లా మేడమ్‌కి గ్యాస్ పోయింది!” అంటోంది నర్సు ఆలిస్.

ప్రిసిల్లా భర్త పాల్ అప్పుడే సెల్‌ఫోన్ తీశాడు. మెడలో సాఫ్ట్‌వేర్ కంపెనీ కార్డు ఊగుతుండగా, తిరుమలగిరిలో ఉన్న మామగారికి ఆ శుభవార్త చెప్పేస్తున్నాడు.

నిన్న ఇద్దరికీ కడుపు కోసే కాన్పు చేశారు. అప్పట్నుంచీ లోవలక్ష్మి గొంతులో చుక్క నీరు పడలేదు. తను నీళ్లు తాగకపోతే పిల్లకి పాలు పడవని ఆమె భయం. పిల్లేమో ఏడుపు ఆపదు. అత్త మరిడమ్మ డబ్బాపాలు కలుపుతోంది.

“సార్, నాకూ రెండు గుక్కలు...” అని బతిమాలింది, చూడ్డానికొచ్చిన డాక్టర్ పద్మనాభాన్ని.

“కోత పడ్డాక పేగులు నిద్రపోతాయమ్మా. నోటి దగ్గర్నుంచి కింది దాకా అంతా ఒకటే గొట్టం. కింద గాలి కదిలితే పేగులు లేచినట్టు. అంతదాకా పైనుంచి ఏం పోసినా వాంతే.”

తెర అవతల్నుంచి కాఫీ వాసన. లోవలక్ష్మి నాలుక పిడచకట్టుకుపోయింది.

“సూడే, ఆ అమ్మి పేగులు అప్పుడే లెగిసిపోనాయి. నీయేటే, ఇంకా తొంగున్నాయి?” దెప్పింది మరిడమ్మ.

“ఆవిడవి ఇంగ్లీషు మీడియం పేగులు అత్తా. నావి తొమ్మిదో క్లాసులో ఆగిపోయినవి.”

నవ్వబోతే కుట్లు లాగాయి. ఏడుపొచ్చింది. ఆ కాఫీ, ఆ ఫోను, ఆ గారాబం! పొట్ట పట్టుకుని వరండాలో నడిచింది. దేవుణ్ని అడగాల్సిన కోరిక కాదు. అయినా అడిగింది, కింద కాస్త గాలి కదిలించమని.

మధ్యాహ్నానికి ప్రిసిల్లా పొట్ట డోలులా ఉబ్బింది. కాఫీ, ఇడ్లీ అన్నీ కక్కేసింది. ఆ చప్పుడు వింటుంటే, తప్పని తెలిసినా, లోవలక్ష్మికి ప్రాణం కాస్త చల్లబడింది.

డాక్టర్ పరుగున వచ్చాడు. “గ్యాస్ పోకుండానే ఎవరు పెట్టమన్నారు?”

“పోయింది సార్, జెర నా మాట ఇనండి!” అంది ఆలిస్. “పొద్దున తలుపు కాడ నిలబడి నా చెవులతో విన్న. ఎవరిదమ్మా అంటే, మేడమే నాదన్నది.”

ప్రిసిల్లా దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

“దాహం తట్టుకోలేక అలా చెప్పాను సార్... అది నాది కాదు, నిద్రలో ఈ పక్క మంచం అక్కది.”