పన్నెండు దెబ్బలు

బస్సు పూర్తిగా ఆగకముందే భానుప్రసాద్ భుజం మీది దస్తి కిటికీలోంచి లోపలికి ఎగిరింది.

వాళ్ల ఊరి వైపు, బోధన్ బస్టాండులో అలా దస్తి పడిందంటే ఆ సీటు రిజిస్ట్రేషన్ అయిపోయినట్టే.

ఇది హైదరాబాదు చూపించే టూరిస్టు బస్సనీ, సీట్లకు నంబర్లుంటాయనీ అతనికి తట్టలేదు.

దస్తి వెళ్లి మొదటి సీట్లో కూర్చున్న పెద్దమనిషి ఒళ్లో పడింది.

"దస్తి వేసినం పెద్దాయనా. గా రెండు సీట్లు మావి. మా అవ్వకు మోకాళ్ల నొప్పులు."

ఆయన చేతిలోని టికెట్ చూసుకున్నాడు. మెట్ల దగ్గర రొప్పుతున్న భూమవ్వను చూశాడు. దస్తిని నాలుగు మడతలు పెట్టి సీటు మీద ఉంచి, వెనక్కి వెళ్లి కూర్చున్నాడు.

తమ టికెట్ల మీద పంతొమ్మిది నుంచి ఇరవై రెండు వరకు నంబర్లున్నాయని కోడలు సుకన్య ఆ తర్వాత చూసింది. అప్పటికే అత్త కాళ్లు చాపేసింది. సుకన్య టికెట్లు మళ్లీ పర్సులో పెట్టేసింది.

రుద్రూర్ నుంచి వీళ్లు వచ్చింది, చెరుకు కోత మొదలయ్యేలోపు నాలుగు చోట్లు చూసిపోదామని. భూమవ్వ వచ్చింది మాత్రం ఒక్కదాని కోసమే.

సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారంలోంచి గడ్డం మనిషి బయటికొచ్చి గంట కొడతాడు. ఎదురింటి విమలమ్మ ముప్పై ఏళ్ల కింద అది చూసొచ్చింది. అప్పట్నుంచి ఏ పెళ్లికి పోయినా, ఏ దినానికి పోయినా అదే చెబుతోంది.

విమలమ్మ చూసింది మూడు గంటలకు. అంటే మూడు దెబ్బలు.

భూమవ్వకు పన్నెండు కావాలి.

"పన్నెండు దాటితె నన్ను తీస్కపోకుండ్రి. ఒంటిగంటకు పోతె ఒక్కటే దెబ్బ. గట్ల ఇజ్జత్ పోగొట్టుకునుడు కన్న ఇంట్ల పండుకునుడు నయం," అని పొద్దున్నే చెప్పేసింది.

చార్మినార్ చూసి బయల్దేరిన బస్సు మదీనా చౌరస్తా దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. టైము పదకొండున్నర.

"పన్నెండు దాటినంకనే కదుల్తది," అన్నాడు సీటు వదిలి వెనక్కి వెళ్లిన పెద్దమనిషి, కిటికీలోంచి తొంగి చూడకుండానే. "దిగి నడుస్తె పావుగంట. గేటు కాడ చక్రాల కుర్చీ ఉంటది."

డ్రైవర్ మారుమాట లేకుండా తలుపు తీశాడు.

"గీ గేట్ల సంగతి గీయనకెట్ల ఎరిక?" భానుప్రసాద్ భార్య చెవిలో గొణిగాడు. "గొలుసు కొంగు కింద పెట్టుకో."

"పెట్టిన. నువ్వు నీ జేబు సూస్కో."

భూమవ్వ ఒక చెయ్యి కొడుకు భుజం మీద, ఇంకో చెయ్యి ఆ పెద్దమనిషి భుజం మీద వేసింది. ఎక్కడ రోడ్డు దాటాలో, ఎక్కడ ఫుట్‌పాత్ విరిగిందో, ఏ చాయ్ కొట్టు ముందు నీడ ఉందో అన్నీ ఆయనకు తెలుసు.

"గీడ ఆగు అవ్వ. జర దమ్ము తీస్కో. ఆఁ, ఇగ నడువు."

గేటు దగ్గరికి వచ్చాక ఆయనే ఆగిపోయాడు.

"మీరు పోండ్రి. సంచులిచ్చి పోండ్రి, నేను సూస్కుంట."

భానుప్రసాద్ సంచిని రెండు చేతులా పట్టుకున్నాడు.

చక్రాల కుర్చీలో కూర్చున్న భూమవ్వ వెనక్కి తిరిగింది. "నువ్వు టికెట్ తీస్కోలేదా కొడుకా?"

"తీస్కున్న."

"మరి గేటు కాడ నిలవడుడేంది? నడువు."

ఆ సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టు ఆయన గేటు వైపు చూశాడు. అంగీ సర్దుకున్నాడు. అడుగు లోపలికి వేశాడు.

"గడియారం ఎటు దిక్కు తాతా?" అనడిగింది మనవరాలు సింధూజ.

"నాకేమెరుక బిడ్డా."

భానుప్రసాద్ భార్య వైపు చూశాడు. చూశావా, అన్నట్టు.

వాచ్‌మన్‌ను అడిగి, పరుగులాంటి నడకతో వెళ్లేసరికి రెండు నిమిషాలే మిగిలాయి. కుర్చీని చూసి జనం దారిచ్చారు.

గడ్డం మనిషి బయటికొచ్చాడు. వేలెడంత మనిషి.

భూమవ్వ పైకే లెక్కపెట్టింది. నాలుగో దెబ్బకు "విమలమ్మ పని అయిపోయింది," అంది. పన్నెండో దెబ్బకు కుర్చీలోంచి లేచి నిలబడింది, మోకాళ్ల నొప్పులు లేనట్టు.

పక్కన పెద్దమనిషి నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాడు.

"మళ్ల కొడతడా?" అన్నాడు.

"గంట ఆగాలె," అంది భూమవ్వ, ఆ గడియారం తనదే అన్నట్టు.

బస్సెక్కగానే ఫోను అందుకుంది. "విమలా, నువ్వు సూసింది మూడే గద. కడమ తొమ్మిది నేను సూసిన." అవతల చాలాసేపు మాట లేదు. ఆ నిశ్శబ్దాన్ని స్పీకర్ పెట్టి బస్సందరికీ వినిపించింది.

సాయంత్రం బస్సు దిగాక ఆ పెద్దమనిషి, ఎద్దు వీపు తట్టినట్టు బస్సును రెండుసార్లు తట్టి, రోడ్డు దాటి జనంలో కలిసిపోయాడు.

"ఎవలు గాయన?" భానుప్రసాద్ డ్రైవర్ వెంకటిని అడిగాడు. "గేట్లన్ని ఎరికనే, లోపట ఒక్కటి ఎరికలేదు. నాకైతె పొద్దుగాల సంది అనుమానమే."

వెంకటి అతని భుజం మీది దస్తి వైపు చూశాడు. "మీరు దస్తి వేసిన సీటు గాయనదే. నెల కిందనే బుక్ చేస్కుండు."

"పిలువుండ్రి గాయనను," అంది భూమవ్వ. రోడ్డు అవతల ఎవరూ కనిపించలేదు.

"గాయన మా రామ్‌దాస్ సారు, అవ్వా. మొన్ననే రిటైరైండు. ముప్పై రెండేండ్లు గీ టూరు బస్సు నడిపిండు. బండి ఇడిసిపెట్టి పోవద్దని పార్కింగ్‌లనే కూసునెటోడు. గంట కొట్టెటోని ముచ్చట బస్సెక్కెటోళ్లు చెప్పుకుంటుంటె ఇన్నడు గని, వాని మొఖం ఇయాలనే సూసిండు."